ఇంట్లోని పాత నాణేల సంరక్షణ

ఇంట్లోని పాత నాణేల సంరక్షణ అంటే, ప్రత్యేకంగా కొనకుండా కుటుంబంలో కాలక్రమాన చేరిన నాణేలను వేరుచేసి, అవసరమైనంత మేరకే శుభ్రపరచి, పాడవకుండా దాచే పని. పూజలో కలశంలో వేసినవి, పెద్దలు ముంతలోనో పోపులడబ్బాలోనో దాచినవి, చలామణి ఆగిపోయాక మిగిలినవి, విదేశాల నుండి వచ్చిన బంధువులు పిల్లల చేతిలో పెట్టినవి ఇలాంటి సేకరణలో కనిపిస్తాయి. నాణేల అధ్యయనాన్ని నాణక శాస్త్రం అంటారు. ఈ శాస్త్రంలో ప్రవేశం లేనివారు కూడా కొన్ని మౌలిక నియమాలు పాటిస్తే ఇంటి నాణేలను తరువాతి తరానికి చెడకుండా అందించవచ్చును.

ముఖ్య సూత్రం

నాణెం ఏ లోహంతో చేయబడినదో తెలుసుకొనడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని. వేరుచేయడం, కడగడం, దాచడం అనే మూడు పనులూ లోహాన్ని బట్టే ఉంటాయి. రాగికి హాని చేయనిది అల్యూమినియంను తినివేయవచ్చు. అందువలన డబ్బాను బోర్లించిన వెంటనే అన్నిటినీ కలిపి కడగడం తగదు.

అన్ని లోహాల నాణేలనూ ఒకే డబ్బాలో కలిపి ఉంచడమూ మంచిది కాదు. తేమ చేరినప్పుడు రాగిని ఆనుకొని ఉన్న అల్యూమినియం నాణెం విద్యుత్ రసాయన చర్య వలన త్వరగా గుంటలు పడుతుంది. ఈ కారణంగా నాణేలను లోహాల వారీగా వేరుచేస్తే సంరక్షణ కూడా కొంతవరకు జరిగినట్లే.

వర్గీకరణ

బల్లపై మెత్తని గుడ్డ పరచి, శుభ్రమైన పొడి చేతులతో నాణేన్ని అంచుల వద్ద మాత్రమే పట్టుకోవాలి. బొమ్మను, బొరుసును వేళ్ళతో తాకితే చెమటలోని ఉప్పు లోహంపై మచ్చలను మిగులుస్తుంది. ఒక భూతద్దం, ఒక చిన్న అయస్కాంతం, సన్నని తూకం వేయగల త్రాసు ఉంటే చాలు.

కాలాన్ని బట్టి ఇంటి నాణేలను సాధారణంగా ఈ క్రింది విధంగా విభజించవచ్చును.

* బ్రిటిష్ కాలపు నాణేలు: రూపాయికి 16 అణాలు, 64 కాణీలు, 192 దమ్మిడీలు. విక్టోరియా కాలం నుండి 1930 దశకం వరకు రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో ఒక తులం. అందులో వెండి దాదాపు 91.7 శాతం. 1940 నుండి వెండిని 50 శాతానికి తగ్గించారు. 1947 నాటి రూపాయి నికెల్‌తో చేసినది. యుద్ధకాలంలో లోహాన్ని పొదుపు చేయడానికి 1943లో మధ్యలో రంధ్రమున్న కాణీని విడుదల చేశారు.
* నిజాం కాలపు నాణేలు: హైదరాబాదు సంస్థానపు హాలీ సిక్కాలలో చార్మినార్ బొమ్మ ఉన్నవి ఎక్కువగా దొరుకుతాయి. వీటిపై సంవత్సరం హిజ్రీ శకంలో, అరబిక్ అంకెలలో ఉంటుంది. హిజ్రీ 1330 అంటే దాదాపు క్రీ.శ. 1912. ఈ తేడా తెలియనివారు నాణేన్ని దాదాపు ఏడు వందల ఏళ్ళనాటిదిగా పొరబడే అవకాశం ఉన్నది.
* గణతంత్ర భారత నాణేలు: 1950లో నాలుగు సింహాల చిహ్నంతో మొదలయ్యాయి. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమలులోకి వచ్చి రూపాయికి 100 నయాపైసలు అయ్యాయి. 1964 జూన్‌లో "నయా" అనే మాటను తొలగించారు. అదే సంవత్సరం ఆరు పలకల అల్యూమినియం మూడు పైసల నాణెం వచ్చింది.
* విదేశీ నాణేలు: వీటిని దేశాల వారీగా వేరుగా ఉంచాలి.

అయస్కాంతం లోహాన్ని గుర్తించడానికి తోడ్పడుతుంది. నికెల్ నాణేలు, 1988 తరువాతి స్టెయిన్‌లెస్ స్టీలు నాణేలు అయస్కాంతానికి అంటుకొంటాయి. వెండి, రాగి, కంచు, అల్యూమినియం, రాగి-నికెల్ మిశ్రమం అంటుకోవు. "వెండి రూపాయి" అనుకొన్నది అయస్కాంతానికి అంటుకొంటే అది వెండిది కాదు. అంటుకోనంత మాత్రాన వెండిదని చెప్పరాదు. బరువు కూడా సరిచూడాలి.

ఆ తరువాత టంకశాల గుర్తును చూడాలి. దశాంశ నాణేలపై ఇది సాధారణంగా సంవత్సరం క్రింద ఉంటుంది. వజ్రం ఆకారం ముంబాయిది, ఐదు కోణాల నక్షత్రం హైదరాబాదుది, గుండ్రని చుక్క 1988లో మొదలైన నోయిడాది. కోల్‌కతా నాణేలకు గుర్తు ఉండదు. హైదరాబాదు టంకశాల కొంతకాలం చీలిన వజ్రం, వజ్రంలో చుక్క వంటి గుర్తులను కూడా వాడింది. ఒకే సంవత్సరం, ఒకే విలువ గల రెండు నాణేలు వేర్వేరు టంకశాలలవి అయితే అవి నకళ్ళు కావు. రెంటినీ ఉంచాలి.

శుభ్రపరచడం

నాణేలకు ఎక్కువ నష్టం జరిగేది శుభ్రపరచేటప్పుడే. పాత రాగి నాణెంపై ఏర్పడే గోధుమరంగు పొర, వెండిపై ఏర్పడే నల్లని పొర మురికి కావు. అవి లోహపు పైభాగమే గాలితో, గంధకంతో కలిసి మారిన రూపం. చింతపండు, నిమ్మకాయ, బూడిద, పళ్ళపొడి, గిన్నెలు తోమే పొడి వాడితే ఆ పొరతో పాటు లోహం కూడా కొంత పోతుంది. నాణెం తళతళలాడుతుంది కాని దానిపై సన్నని గీతలు మిగులుతాయి. సేకరణకర్తలు అలాంటి నాణేన్ని చూడగానే గుర్తించి తక్కువ విలువ కడతారు.

పోయేది ధర మాత్రమే కాదు. ఐదవ జార్జి కాలపు అణా నాణెంపై దాని విలువను ఇతర లిపులతో పాటు తెలుగులో కూడా "ఒక అణా" అని ముద్రించారు. అసలే అరిగిన నాణెంపై ఇలాంటి చిన్న అక్షరాలు, టంకశాల గుర్తులు ఒక్కసారి గట్టిగా తోమినా చెరిగిపోవచ్చు. అలా పోయిన ముద్ర తిరిగి రాదు.

మట్టి, పసుపు, కుంకుమ, నూనె అంటుకొన్న నాణేలకు ఈ పద్ధతి సరిపోతుంది.

* బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్‌ను గాజు గిన్నెలో పోసి, ఒకే లోహపు నాణేలను ఒకదానికొకటి తగలకుండా కొన్ని గంటలు నానబెట్టాలి. కుళాయి నీటిలో క్లోరిన్, లవణాలు ఉంటాయి కనుక అది తగదు.
* నీరు మురికి అయితే మార్చాలి. రుద్దరాదు.
* బయటకు తీసి మెత్తని నూలుగుడ్డపై ఉంచి అద్దాలి. పూర్తిగా ఆరిన తరువాతనే దాచాలి.
* జిడ్డు, ప్లాస్టిక్ అవశేషాలు పోవడానికి స్వచ్ఛమైన అసిటోన్ వాడతారు. ఇది త్వరగా మండే ద్రవం. గాలి బాగా ఆడేచోట, మంటకు దూరంగా పెద్దలు మాత్రమే వాడాలి. గోళ్ళరంగు తుడిచే ద్రవాలలో ఇతర పదార్థాలు ఉంటాయి కాబట్టి అవి పనికిరావు.

అల్యూమినియం నాణేలను చాకలి సోడా, సున్నం, ఉప్పు కలిపిన చింతపండు దరిదాపులకు రానీయకూడదు. పైసల నాణేలు మెత్తనివి, పలుచనివి కనుక త్వరగా పాడవుతాయి. వెండి నాణేలను నగల మెరుగు ద్రవాలలో ముంచడం కూడా సరికాదు. నాణెం అరుదైనదన్న అనుమానం ఉంటే దానిని అలాగే వదిలి, తెలిసినవారికి చూపించడం ఉత్తమం.

చిలుము, కంచు తెగులు

రాగి, కంచు నాణేలపై గట్టిగా, నున్నగా ఉండే ఆకుపచ్చ చిలుము సాధారణంగా ప్రమాదకరం కాదు. పొడిపొడిగా రాలుతూ, లేత ఆకుపచ్చ రంగులో చుక్కలుగా వ్యాపించేది వేరు. దీనిని కంచు తెగులు అంటారు. లోహంలో చేరిన క్లోరైడ్ లవణాలు తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టించి లోహాన్ని తింటూ పోతాయి. అలాంటి నాణేన్ని వెంటనే మిగిలినవాటి నుండి విడదీసి పొడి వాతావరణంలో ఉంచాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ కాబట్టి మరింత జాగ్రత్త అవసరం.

దాచడం

బజారులో చవకగా దొరికే మెత్తని ఆల్బములు చాలావరకు పి.వి.సి. ప్లాస్టిక్‌తో చేసినవి. కొత్త రైన్‌కోటు వాసన వస్తే అది పి.వి.సి. అని అనుమానించాలి. కాలం గడిచేకొద్దీ దాని నుండి వెలువడే ఆమ్లం, మెత్తదనం కోసం కలిపిన నూనెలు నాణెంపై ఆకుపచ్చని జిగురును ఏర్పరుస్తాయి. పాలిస్టర్, పాలిప్రొపిలీన్, పాలిథీన్‌తో చేసిన అరలు సురక్షితం. ఆమ్లరహిత కాగితపు కవర్లు కూడా మంచివి.

* రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. వార్తాపత్రికల కాగితంలో ఆమ్లం ఉంటుంది.
* నాణేనికి జిగురు, సెల్లోటేపు అంటించరాదు.
* కొత్త ప్లైవుడ్, కొన్ని రకాల కలప నుండి ఆమ్ల ఆవిరి వెలువడుతుంది. సీసం దీనికి త్వరగా లొంగి తెల్లని పొడిగా మారుతుంది. శాతవాహనుల సీసపు నాణేలను భద్రపరచేవారు ఈ విషయం గమనించాలి.
* స్టీలు బీరువాలో, గట్టిగా మూత ఉన్న డబ్బాలో, సిలికాజెల్ పొట్లాలతో ఉంచడం మేలు. ఈ పొట్లాలను ఏడాదికి రెండుమూడు సార్లు, ముఖ్యంగా వానాకాలం తరువాత మార్చాలి.

నమోదు

ప్రతి నాణేనికి ఒక సంఖ్య ఇచ్చి కవరుపై పెన్సిలుతో వ్రాయాలి. ఒక పుస్తకంలో ఆ సంఖ్య ఎదుట విలువ, సంవత్సరం, టంకశాల, లోహం, బరువు, వ్యాసం, ఎవరి ద్వారా ఎప్పుడు వచ్చినది అనే వివరాలు చేర్చాలి. మొదటి వివరాలను తరువాత ఎవరైనా నాణేన్ని చూసి తెలుసుకోగలరు. చివరి వివరం మాత్రం ఇంటి పెద్దలకే తెలుస్తుంది. వారు ఉండగానే అడిగి వ్రాసుకోకపోతే అది శాశ్వతంగా పోతుంది.

చట్టపరమైన విషయాలు

* 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలు 2011 జూన్ 30 నుండి చెల్లుబాటు కావడం లేదు. వాటిని సేకరణగా ఉంచుకొనవచ్చును.
* 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం నేరం.
* నూరేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. విదేశాలలో స్థిరపడిన పిల్లలకు తాతల నాణేలు పంపదలచినవారు దీనిని గుర్తుంచుకోవాలి.
* నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి.
* పాత నాణేలకు లక్షల ధర ఇస్తామని చెప్పి, ముందుగా రుసుము లేదా పన్ను కట్టమని అడిగే మోసాలు ఉన్నాయి. తన పేరు వాడుకొని ఇలా చేస్తున్నవారి గురించి భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఇటువంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని, ఏ రుసుమూ వసూలు చేయదని స్పష్టం చేసింది.