తండ్రిది మోత, కొడుకుది మౌనం

ట్రస్టు అనగానే మనకు గుడి, కల్యాణ మండపం, కంటి ఆసుపత్రి గుర్తొస్తాయి. సైలెన్సర్ అంటే బుల్లెట్ బండి కింద గొట్టమే. అమెరికాలో ఈ రెండు మాటలూ ఒకే దస్తావేజులో కలుస్తాయి. తుపాకీ సైలెన్సర్‌ను ట్రస్టు పేరిట రిజిస్టరు చేయించుకోవడం అక్కడ చాలామందికి అలవాటు. 1934 నుంచి దానికి కడుతూ వచ్చిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1న సున్నా అయింది. పన్ను పోయింది కానీ రిజిస్టరు పోలేదు. ఆ వంకతో కాస్త వెనక్కి వెళ్దాం.

ట్రస్టు మూలాల్లో ఒకటి సొంత ఆస్తి వద్దన్న సన్యాసుల దగ్గరుంది. 13వ శతాబ్దంలో ఇంగ్లండుకు వచ్చిన ఫ్రాన్సిస్కన్లకు ఇల్లూ పొలమూ సొంతంగా ఉండకూడదని నియమం. మరి తల దాచుకునేదెక్కడ? ఊరివాళ్లు ఇల్లు తమ పేరిట ఉంచుకుని వాళ్లను ఉండనిచ్చారు. హక్కు ఒకరిది, అనుభవం మరొకరిది. ఈ కిటుకు భూస్వాములకూ నచ్చింది. రాజుకు రావాల్సిన రుసుములు ఎగిరిపోతుంటే 8వ హెన్రీ 1536లో చట్టంతో అడ్డుకట్ట వేశాడు. లాయర్లు దానికీ సందు వెతికారు. ఆ తర్వాతి మూడు నాలుగు శతాబ్దాలను ఇక్కడ ఒక్క వాక్యంలో దాటేస్తున్నాను, ఎందుకంటే నా మనసంతా సైలెన్సర్ పుట్టిన మాక్సిమ్‌ల ఇంటి మీదే ఉంది.

తండ్రి హైరమ్ మాక్సిమ్ అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డాడు. 1884 నాటికి, గుండు పేలినప్పటి వెనుదన్నుతోనే మరో గుండు తనంతట తానే ఎక్కే మెషిన్‌గన్‌ను తయారుచేశాడు. నిమిషానికి ఇంచుమించు 600 గుండ్లు. ఆఫ్రికాలో బ్రిటిష్ సామ్రాజ్యం ఎంత దూరం పాకిందో అంత దూరం ఈ తుపాకీ వెంట వెళ్లింది. 1901లో ఆయన సర్ కూడా అయ్యాడు. ఏళ్ల తరబడి ఆ మోత పక్కనే నిలబడ్డ పాపానికి ఆయన చెవులు పోయాయి.

కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ అమెరికాలోనే ఉండిపోయాడు. స్నానపు తొట్టిలో నీళ్లు సుడి తిరుగుతూ చప్పుడు లేకుండా దిగిపోవడం చూసి ఆయనకు ఆలోచన వచ్చిందంటారు. తుపాకీ గొట్టం నుంచి తన్నుకొచ్చే వాయువును కూడా అలాగే సుడులు తిప్పి, నెమ్మదింపజేసి వదిలితే? 1909లో సైలెన్సర్‌కు పేటెంటు వచ్చింది. చెవులు పోగొట్టుకున్న తండ్రికి చప్పుడు చంపే కొడుకు! కథల్లో రాస్తే అతి అంటాం. అప్పట్లో అది కొద్ది డాలర్ల వస్తువు, ఏ రిజిస్టరూ అక్కర్లేదు. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దగ్గరా ఒకటుండేది. అదే సూత్రాన్ని పెర్సీ ఇంజన్లకూ తగిలించాడు. కాబట్టి మన బుల్లెట్ బండి గొట్టం ఈ చుట్టరికానికి మరీ దూరమేమీ కాదు. ఆయన అక్కడితోనూ ఊరుకోలేదు. 1914లో హామ్ రేడియోవాళ్ల సంఘం పెట్టాడు, తండ్రి మీద సరదాగా ఒక పుస్తకమూ రాశాడు.

ఇంతలో షికాగో. 1929 ఫిబ్రవరి 14న ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. అక్కడ పేలిన చేతి మెషిన్‌గన్, టామీ గన్, పేరు ఇంటింటా మోగింది. 1934 జూన్ 26న వచ్చిన జాతీయ తుపాకుల చట్టం మెషిన్‌గన్లకు, గొట్టం కోసిన తుపాకులకు, సైలెన్సర్లకు 200 డాలర్ల పన్ను వేసింది. అంటే ఇంచుమించు టామీ గన్ ధరంత. తండ్రి మోతనూ కొడుకు మౌనాన్నీ ఒకే జాబితాలో కూర్చోబెట్టిన చట్టమిది. పిస్టళ్లు కూడా మొదటి ముసాయిదాలో ఉండేవి, చివరికి తప్పించుకున్నాయి.

ఇక్కణ్ణుంచి కథ నూలుపోగుల్లా విడిపోతుంది. 200 డాలర్లు తొమ్మిది దశాబ్దాలు అలాగే ఉండిపోయి, బెదిరించాల్సిన పన్ను ఫీజులా తేలికైంది. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్‌గన్లు మామూలు జనానికి దొరకవు. సైలెన్సర్ లాంటి వస్తువు ఒక్కరి పేరిట ఉంటే, ఆ ఒక్కరూ ఊళ్లో లేనప్పుడు అది భార్య చేతిలో ఉన్నా చిక్కే. చట్టం మీరితే పదేళ్ల వరకు జైలు. అందుకే ట్రస్టు. ధర్మకర్తలుగా ఎంతమంది పేర్లుంటే అంతమంది దాన్ని వాడుకోవచ్చు, యజమాని పోయాక వారసులకు చేరడమూ సులువు. ఇంకో ఆకర్షణా ఉండేది. వ్యక్తిగా దరఖాస్తు పెడితే వేలిముద్రలు, ఫొటో, ఊరి పోలీసు పెద్ద సంతకం కావాల్సి వచ్చేది, కొందరు షెరీఫులు ససేమిరా సంతకం పెట్టేవారు కాదు. ట్రస్టుకు ఇవేవీ అక్కర్లేకపోయేది. 2016 జులైలో, అప్పట్లో హెన్రీ రాజు చేసినట్టే, ఈ సందుకూ అడ్డుకట్ట పడింది. ట్రస్టులోని బాధ్యులందరూ వేలిముద్రలివ్వాలన్నారు, షెరీఫు సంతకం ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

ఇప్పుడు సైలెన్సర్లకు పన్ను సున్నా, మెషిన్‌గన్లకు మాత్రం పాత 200 డాలర్లే. 1937లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని పన్ను వేసే అధికారం కిందే నిలబెట్టింది. పన్నే లేనప్పుడు రిజిస్టరెందుకని తుపాకీ సంఘాలు కోర్టుకెక్కాయి. కాలిఫోర్నియాలో ట్రస్టు ఉన్నా సైలెన్సర్ ఉండకూడదు, టెక్సాస్‌లో ఉండొచ్చు. డాలస్‌లోని తెలుగు ఇళ్లకు ఇంకో మెలిక. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు తుపాకీ కొనుక్కోవచ్చు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు వేట లైసెన్సు వంటి మినహాయింపులు తప్ప నిషేధమే. భర్తకు గ్రీన్‌కార్డు వచ్చి, భార్య ఇంకా వీసా మీదే ఉంటే, ట్రస్టులో ఆమె పేరు రాసే ముందు తుపాకుల బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో లాయరు అడుగుతాడు.