గంజాయి సాగులో ద్విలింగ మొక్క: ఒక చారిత్రక పరిశీలన

గంజాయిలో ఆడ, మగ మొక్కలు సాధారణంగా వేరు. పుప్పొడి సోకిన ఆడమొక్క గింజకట్టి మత్తుసరుకుగా విలువ కోల్పోతుంది. కాబట్టి మగమొక్కలను పూతకు ముందే పీకివేసేవారు. బెంగాలులోని నౌగావ్‌లో ఈ పనికి ‘పోద్దార్’ అనే ప్రత్యేక నిపుణుడు ఉండేవాడని 1893–94 నాటి ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ నమోదు చేసింది. తెలుగు నేలపై నాటి కృష్ణా జిల్లా దగ్గుబాడు సాగు సైతం ఆ నివేదికకెక్కింది.

అయితే పుప్పొడి అందని ఆడమొక్క ఒక్కొక్కప్పుడు తానే కేసరాలు తొడుగుతుంది. మగమొక్క లేని చేనులోనూ గింజ పడటానికి ఇదొక కారణం. ఆ గింజనే మళ్ళీ విత్తితే సంతతిలోనూ ద్విలింగ స్వభావం తలెత్తవచ్చు. కనుక ఏరివేత ఒక్క విడతతో తీరేది కాదు. కమిషన్ సంపుటాలను మన పరిశోధకులు ఆబ్కారీ చరిత్రగానే చదివితే, పేరులేని ఈ సాగుదారుల వృక్షపరిజ్ఞానం కంటికి ఆనదు.