గాలి వీచని చోట ఎగిరే బుల్లి విమానం: ప్రారంభకులకు పరిచయం

పైకప్పు కింద, రబ్బరు మెలిక బలంతో నెమ్మదిగా చుట్లు తిరుగుతూ ఎగిరే తేలికపాటి నమూనాలను ఇండోర్ నమూనా విమానాలంటారు. వీటికి పెట్రోలు, బ్యాటరీ అవసరం లేదు. పతంగి కట్టడం తెలిసిన పిల్లవాడు వీటినీ కట్టగలడు.

చరిత్ర

1871లో ఫ్రాన్సు దేశీయుడు ఆల్ఫోన్స్ పెనో, పారిస్‌లోని ట్యూలరీ ఉద్యానంలో రబ్బరు మెలికతో నడిచే నమూనాను 11 సెకన్లు ఎగురవేశాడు. 1878లో మిల్టన్ రైట్ తన కుమారులకు తెచ్చి ఇచ్చిన ఎగిరే బొమ్మ పెనో పద్ధతిలో చేసినదే. ఆ బాలురే 1903లో మనిషిని మోసే విమానం నడిపిన రైట్ సోదరులు. రుమేనియాలోని స్లానిక్ ఉప్పుగనిలో ఈ ఇండోర్ నమూనాలకు ప్రపంచ పోటీలు జరిగాయి. భూగర్భంలో గాలి నిశ్చలంగా ఉండడమే అందుకు కారణం.

స్థలం

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి భివండీకి వలస వెళ్లిన నేత కుటుంబాలకు పూర్ణ పరిసరాల్లోని గోదాములు పరిచితమే. ఎత్తైన కప్పు గల ఖాళీ గోదాము గాని, పంకాలు ఆపిన పాఠశాల హాలు గాని ఇందుకు అనువైనవి. యజమాని అనుమతి తప్పనిసరి. సాంచాలు నడిచే షెడ్డులో మాత్రం ఎన్నడూ ఎగురవేయరాదు. విమానం మగ్గంపై పడితే దాని వెంట పిల్లవాని చేయి వెళుతుంది. పది రూపాయల బొమ్మ కోసం వేళ్లు పోగొట్టుకోరాదు.

సామగ్రి

విదేశాల్లో బాల్సా కర్ర వాడతారు. అది దొరకని చోట సన్నగా చీల్చిన వెదురు పుల్లలు చాలు. దీపావళి ఆకాశకందిళ్లకు వాడే ఈ బద్దను మరాఠీలో ‘కామటి’ అంటారు. పతంగి కాగితం, నీటితో పలుచన చేసిన ఫెవికాల్, 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పంకా, సన్నని రబ్బరు సిద్ధం చేసుకోవాలి. వెదురును పెద్దలే చీల్చి ఇవ్వాలి.

నిర్మాణం

1. 18 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు గల రెండు రెక్క భాగాలను పుల్లలతో కట్టి, కాగితాన్ని అంచులకే అంటించాలి.

2. ఒక భాగాన్ని బల్లపై ఉంచి, రెండవదాని కొనను 6 సెం.మీ. పైకెత్తి అతికించాలి. ఈ వంపు వల్ల విమానం పక్కకు ఒరిగినా తిరిగి సర్దుకుంటుంది.

3. 28 సెం.మీ. బద్దకు ముందు పంకా, వెనుక తోక, నిలువు చుక్కాని అమర్చాలి. పంకా కొక్కెం నుండి వెనుక కొక్కేనికి రబ్బరు తగిలించాలి. రెక్కను చిన్న రబ్బరు బ్యాండ్లతో కడితే ముందుకు వెనుకకు జరపవచ్చు.

మొత్తం బరువు 12 గ్రాములు మించకుండా చూడాలి. జిగురు ఎక్కువైతే బరువూ ఎక్కువవుతుంది.

పరీక్ష

మొదట రబ్బరు తిప్పకుండా మెల్లగా వదలాలి. ముక్కు కిందికి పడితే రెక్కను కొద్దిగా ముందుకు, ముక్కు పైకెత్తి ఆగిపోతే వెనుకకు జరపాలి. చక్కగా జారితేనే 50 చుట్లు తిప్పాలి. తరువాత 100, 150. గోడకు తగలకుండా గుండ్రంగా తిరగడానికి చుక్కానిని కొంచెం ఎడమకు వంచాలి. పంకా మెలిక కూడా విమానాన్ని అటే లాగుతుంది గనుక వంపు స్వల్పంగానే ఉండాలి.

బాగా మెలిపెట్టిన రబ్బరు తెగితే కంటికి తగలవచ్చు. ముఖాన్ని దూరంగా ఉంచాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ఎన్ని సెకన్లు ఎగిరిందో నోటుపుస్తకంలో రాసుకున్న పిల్లలకు తప్పు ఎక్కడుందో వారికే తెలుస్తుంది.