పందుంపుల్ల నుండి పేస్టు వఱకు

తెల్లవాఱకముందే లేచి, వేపపుల్ల విఱిచి, నమలుచు దినచర్య నారంభించు పెద్దలు మన గ్రామములలో నేటికిని కలరు. వారి మనుమలు గొట్టము నుండి పేస్టు పిండి తోముకొనుచున్నారు. ఈ రెంటిలో నేది మేలని యిండ్లలో వాదము కలుగుచుండును. చరిత్ర యీ వాదమునకు చక్కని సమాధానము చెప్పుచున్నది. దానిని మనవి చేసెదను.

మన ప్రాచీన వైద్యులు దంతధావనమును సామాన్యముగా నెంచలేదు. పండ్లుతోము పుల్ల పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును కలిగియుండవలెనని సుశ్రుత సంహితలో కలదు. చేదువానిలో వేపయు, వగరువానిలో చండ్రయు, తీపివానిలో ఇప్పయు, కారపువానిలో కానుగయు శ్రేష్ఠములట. ఋతువును, శరీరతత్త్వమును చూచి పుల్లను గ్రహింపవలెను. నోరు పూచినవారును, దగ్గు, వాంతి గలవారును పుల్ల వాడరాదు. అనగా అందఱికి నొకే సాధనము తగదనుట వారి మతము.

పుల్ల దొరకనిచోట కచ్చిక, బొగ్గుపొడి, ఉప్పు వాడుకలో నుండెను. పాశ్చాత్యులును చాలకాలము పొడులనే వాడిరి. అమెరికాలో కోల్గేటు సంస్థవారు 1873లో పేస్టును జాడీలలో నింపి యమ్మ నారంభించిరి. 1896లో దానిని మెత్తని లోహపు గొట్టములలోనికి మార్చిరి. ఆ పేస్టు శుభ్రతను, పరిమళమును ఇచ్చెనే కాని, పన్ను పుచ్చకుండ కాపాడు మందు అందులో లేదు.

ఆ మందు మఱియొక దారిని దొరకినది. 1901లో ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు వచ్చెను. అచట పుట్టి పెరిగినవారిలో పెక్కుమంది పండ్లపై గోధుమరంగు మచ్చలుండెను. ఆశ్చర్యమేమనగా, ఆ మచ్చల పండ్లు సులభముగా పుచ్చవు! కారణము తెలియుటకు ముప్పది యేండ్లు పట్టినది. త్రాగునీటిలో ఫ్లోరైడు అధికముగా నుండుటయే కారణమని 1931లో చర్చిల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టెను.

ఆఱేండ్లలో నీ కథ మన వాకిట నిలిచినది. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను గూర్చి వ్రాసిరి. వారికి పండ్లపై మచ్చలు మాత్రమే కాదు, కీళ్లు బిగిసి, వెన్ను వంగరాక, నడక కష్టమయ్యెను. దీనికిని త్రాగునీటిలోని ఫ్లోరైడే మూలము. నల్లగొండ జిల్లా పల్లెల దుఃఖము మీరెఱిగినదే.

అటు అమెరికాలో, ఫ్లోరైడు తక్కువగా నున్న గ్రాండ్ ర్యాపిడ్స్ నగరపు నీటిలో 1945లో దానిని మితముగా కలిపిరి. తరువాత పుట్టిన పిల్లల పండ్లపుచ్చు సగమునకు మించి తగ్గెను. 1956 నాటికి ఫ్లోరైడు కలిసిన పేస్టు ఆ దేశమంతట అమ్మకమునకు వచ్చెను. మితమైన మేలు, మితిమీఱిన కీడు, పదార్థ మొక్కటే.

కావున పేస్టు కొనుటకు ముందు రెండు సంగతులు విచారింపవలెను. మొదటిది, మన నీరు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదు. బావినీరు గాని బోరునీరు గాని త్రాగు గ్రామమువారు దానిని పరీక్ష చేయింపవలెను. రెండవది, తోముకొను మనిషి. పెద్దలు ఫ్లోరైడు గల పేస్టును నిర్భయముగా వాడవచ్చును. పదిలక్షల పాళ్లలో దాదాపు వేయిపాళ్లు ఫ్లోరైడున్నచో పుచ్చును ఆపుటకు చాలును. వారి పండ్లు ఏర్పడి ముగిసినవి గనుక వానికి క్రొత్తగా మచ్చలు రావు. పిల్లల సంగతి వేఱు. చిగుళ్లలో ఇంకను పండ్లు తయారగుచుండగా వారు పేస్టును మ్రింగుదురు. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆఱేండ్ల వఱకు బఠాణీగింజంత చాలును; ఉమ్మివేయుట నేర్పవలెను. నీటిలో ఫ్లోరైడు మిక్కుటముగా నున్న యూళ్లలో పిల్లల పేస్టును గూర్చి దంతవైద్యు నడుగుట మంచిది.

చల్లనినీరు తగిలిన జివ్వుమను పండ్లకు పొటాసియం నైట్రేటు గల పేస్టు ఉపశమనమిచ్చును. ఇటుకపొడి, ఇసుక పంటిపై పొరను అరగదీయును. పొగాకు కలిసిన పండ్లపొడులను ప్రభుత్వము 1992లో నిషేధించినది, వానిని ముట్టరాదు.

వేపపుల్లను విడువుడని నేననను. జాగ్రత్తగా తోమినచో అది పాచిని తీయును. కాని ఫ్లోరైడు నీయదు. పుల్లకు పేస్టు శత్రువు కాదు. మనిషిని చూచి సాధనము నేర్పఱచుడని సుశ్రుతుడు చెప్పెను. మనిషితో పాటు అతడు త్రాగు నీటినికూడ చూడుడని నెల్లూరు చెప్పినది. మనుమని చేతికి పేస్టు ఇచ్చునపుడు పెద్దలు ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొందురు గాక.