ఏకబిగి వీక్షణం

ఒక టెలివిజన్ ధారావాహికకు చెందిన అనేక భాగాలను వరుసగా, ఒకే కూర్చోలులో చూడటాన్ని ఏకబిగి వీక్షణం అంటారు. ఆంగ్లంలో దీనిని బింజ్ వాచింగ్ అని వ్యవహరిస్తారు. తెలుగు పత్రికలలోనూ, మాటలలోనూ ఈ ఆంగ్లపదమే ఎక్కువగా వినబడుతుంది. ఏ ధారావాహికను ఇలా చూడవచ్చు, దేనిని విడిచిపెట్టవచ్చు అన్న అభిప్రాయాలను ఒకరితో ఒకరు పంచుకోవడం ఈ అలవాటుతో పాటే పెరిగింది. ఒక సినిమా నచ్చకపోతే పోయేది రెండున్నర గంటలు. ఒక ధారావాహికకు పది గంటలు, కొన్నిటికి యాభై అరవై గంటలు కేటాయించాలి. అందువలన మొదలుపెట్టే ముందు ఇతరుల మాట తెలుసుకోవడం ప్రేక్షకులకు అవసరమైనది.

పేరు

ఆంగ్లంలో బింజ్ అనగా అదుపు లేకుండా తినడం లేదా త్రాగడం. కాబట్టి ఆ పేరులోనే కొంత మందలింపు ఉన్నది. కాలిన్స్ నిఘంటువు 2015లో బింజ్ వాచ్ అన్న క్రియాపదాన్ని ఆ సంవత్సరపు మాటగా ఎంపిక చేసింది. ఎన్ని భాగాలు చూస్తే ఏకబిగి అనిపించుకుంటుంది అన్నదానికి ఖచ్చితమైన నియమం లేదు. 2013లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ కోసం జరిపిన ఒక సర్వేలో 73 శాతం మంది, ఒకేసారి రెండు నుండి ఆరు భాగాలు చూడటమే దీని నిర్వచనమని చెప్పారు.

తెలుగులో "ఏకబిగిన" అన్న మాటకు ఈ మందలింపు లేదు. "ఏకబిగిన చదివించే నవల" అనడం తెలుగు సమీక్షకులు చిరకాలంగా వాడే మెప్పుకోలు. వారపత్రికలలో ధారావాహిక నవలలు వెలువడిన రోజులలో వారం వారం ఎదురుచూసి చదివినవారు ఎందరో, ఆ పుటలను కత్తిరించి దాచి, నవల ముగిశాక బైండు చేయించి ఒకేసారి తిరిగి చదివినవారూ అందరే. ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ నవల తులసీదళం వంటివాటిని అద్దె పుస్తకాల దుకాణాల నుండి తెచ్చుకుని ఒక్కరాత్రిలో పూర్తి చేసిన తరం, తరువాతి తరం టెలివిజన్ అలవాటును చూసి ఆశ్చర్యపోవలసినది పెద్దగా లేదు.

చరిత్ర

ఒకే ధారావాహిక భాగాలను వరుసగా ప్రసారం చేసే పద్ధతి అమెరికా ఛానెళ్ళలో 1980ల నాటికే ఉన్నది. ఇళ్ళలో వీడియో కాసెట్లపై రికార్డు చేసుకుని చూసేవారు కూడా ఉండేవారు. కాని ఒక సీజన్ మొత్తం కాసెట్లలో అమర్చాలంటే అలమర నిండిపోయేది. డీవీడీ వచ్చిన తరువాత ఈ ఇబ్బంది తొలగింది. ది ఎక్స్-ఫైల్స్ మొదటి సీజన్ 2000లో డీవీడీల పెట్టెగా విడుదలైనది. ఒక్కొక్క సీజన్‌లో ఒక రోజులోని 24 గంటల కథను 24 భాగాలుగా చెప్పే "24" అనే ధారావాహిక 2001లో ఫాక్స్ ఛానెల్‌లో మొదలైనది. ఒక్క భాగం తప్పిపోయినా కథ అందని ఇటువంటి ధారావాహికలకు డీవీడీ బాగా కలిసివచ్చింది.

1997లో స్థాపించబడి, తపాలా ద్వారా డీవీడీలు అద్దెకిచ్చిన నెట్‌ఫ్లిక్స్ 2007లో ఇంటర్నెట్ ద్వారా నేరుగా చూపే సేవను ప్రారంభించినది. 2013 ఫిబ్రవరి 1న హౌస్ ఆఫ్ కార్డ్స్ మొదటి సీజన్‌లోని 13 భాగాలను ఒకేరోజు విడుదల చేయడం ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపుగా పేర్కొంటారు. నిజానికి అంతకు ముందు సంవత్సరమే అదే సంస్థ లిల్లీహామర్ అనే నార్వే ధారావాహిక భాగాలన్నిటినీ ఒకేసారి అందించినది. ఒక భాగం ముగిసిన కొద్ది క్షణాలకే తరువాతి భాగం దానంతట అదే మొదలయ్యే ఏర్పాటు 2012లో వచ్చింది. ఏకబిగి వీక్షణం పెరగడానికి కథలలోని ఉత్కంఠ ఎంత కారణమో ఈ చిన్న ఏర్పాటు కూడా అంతే కారణం. అంతకు ముందు ప్రేక్షకుడు చూడాలనుకుంటే మీట నొక్కేవాడు, ఆ తరువాత ఆపాలనుకుంటే నొక్కవలసి వచ్చింది.

అభిప్రాయాల ప్రభావం

ప్రసార సమయంలో ఆదరణ లేని ధారావాహికలు, చూసినవారి నోటిమాట వలన తరువాత నిలబడిన సందర్భాలు పెక్కు ఉన్నవి. వీటిలో ప్రసిద్ధమైనది ది వైర్. బాల్టిమోర్ నగరంలోని పోలీసులు, మాదకద్రవ్యాల ముఠాలు, రేవు కార్మికులు, పాఠశాలలు, పత్రికల గురించిన ఈ ధారావాహికను డేవిడ్ సైమన్ రూపొందించాడు. హెచ్‌బీఓలో 2002 నుండి 2008 వరకు 60 భాగాలుగా ప్రసారమైనది. ఆ కాలంలో దీని ప్రేక్షకులు తక్కువ, ఎమ్మీ పురస్కారం ఒక్కటి కూడా రాలేదు. పాత్రలు చాలా ఎక్కువ, సంభాషణలోని యాస కఠినం, కథ మెల్లగా సాగుతుంది. వారానికొక గంట చూసేవారికి మునుపటి వారం సంగతి గుర్తుండేది కాదు. డీవీడీలలో వరుసగా చూసినవారు దీనిని తమవారికి పట్టుబట్టి చూపించారు. "మొదటి నాలుగైదు భాగాలు ఓపిక పట్టండి" అన్నది ఈ ధారావాహికను సిఫారసు చేసేవారు తప్పక చేర్చే మాట. 2021లో బీబీసీ 206 మంది నిపుణులను అడిగి తయారుచేసిన 21వ శతాబ్దపు ఉత్తమ ధారావాహికల జాబితాలో ది వైర్ మొదటి స్థానం పొందినది.

బ్రేకింగ్ బ్యాడ్ సంగతి మరొక విధమైనది. 2008 జనవరిలో ఏఎంసీ ఛానెల్‌లో మొదటి భాగాన్ని అమెరికాలో చూసినవారు సుమారు 14 లక్షలు. 2013 సెప్టెంబరు 29న ప్రసారమైన 62వ భాగాన్ని, అనగా చివరి భాగాన్ని, చూసినవారు కోటి మూడు లక్షల వరకు ఉన్నారు. ధారావాహికలకు సాధారణంగా ప్రేక్షకులు క్రమంగా తగ్గుతారు. ఇక్కడ పెరగడానికి కారణం, పాత సీజన్లను నెట్‌ఫ్లిక్స్‌లో ఏకబిగిన చూసినవారు కొత్త భాగాల కొరకు ఛానెల్‌కు రావడమే. తమ ధారావాహిక బ్రతికి ఉండటానికి నెట్‌ఫ్లిక్స్ తోడ్పడినదని సృష్టికర్త విన్స్ గిల్లిగన్ 2013 ఎమ్మీ పురస్కారాల సందర్భంగా చెప్పాడు.

స్పెయిన్ ధారావాహిక మనీ హైస్ట్ 2017లో అంటెనా 3 ఛానెల్‌లో 15 భాగాలుగా ప్రసారమై, క్రమంగా ప్రేక్షకులను పోగొట్టుకుని ముగిసిపోయినది. నెట్‌ఫ్లిక్స్ దానిని కొని, చిన్న చిన్నవిగా 22 భాగాలుగా కత్తిరించి ఇతర దేశాలకు అందించింది. చెప్పుకోదగిన ప్రచారమేమీ లేకుండానే అది పలు దేశాలలో వ్యాపించింది. అందువలన అదే బృందంతో కథను కొనసాగించారు. 2021లో వచ్చిన ఐదవ సీజన్ నాటికి దీనికి తెలుగు అనువాదం కూడా లభించింది.

రేటింగులు, సమీక్షలు

నెట్‌ఫ్లిక్స్ మొదట ప్రేక్షకులను ఒకటి నుండి ఐదు నక్షత్రాలు ఇవ్వమని అడిగేది. ఎవరికి ఏది నచ్చుతుందో ఈ నక్షత్రాల ఆధారంగా 10 శాతం మెరుగ్గా ఊహించగలిగినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తామని 2006లో ప్రకటించినది. 2009లో ఒక బృందం ఆ బహుమతిని గెలుచుకుంది. అయితే జనం తమను తాము ఎలా భావించుకుంటారో నక్షత్రాలు అలా ఉంటాయి, వారు చూసేవి మాత్రం వేరుగా ఉంటాయి. గంభీరమైన డాక్యుమెంటరీకి ఐదు నక్షత్రాలు ఇచ్చి, రాత్రికి హాస్య ధారావాహిక చూసేవారు ఎక్కువ. 2017లో నక్షత్రాలను తీసివేసి బొటనవేలి గుర్తులు పెట్టారు. వినియోగదారులు వ్రాసిన సమీక్షలను 2018లో తొలగించారు. ఐఎమ్‌డీబీ కూడా 2017లో తన చర్చావేదికలను మూసివేసినది, రేటింగులు మాత్రం మిగిలాయి.

అంకెను సరిగా చదవడం అవసరం. రాటెన్ టొమాటోస్‌లో 90 శాతం అంటే నూటికి తొంభై మార్కులని చాలామంది పొరబడతారు. అది సమీక్షకులలో ఎంత శాతం మంది అనుకూలంగా వ్రాశారో తెలుపుతుంది. అందరికీ ఒక మోస్తరుగా నచ్చిన ధారావాహికకు కూడా నూరు శాతం రావచ్చును. పైగా విడుదలకు ముందు సమీక్షకులకు తరచుగా మొదటి కొన్ని భాగాలే చూపిస్తారు. ఆరంభం బాగుండి ముగింపు చెడిన ధారావాహికలకు మంచి అంకె నిలిచిపోవడానికి ఇది ఒక కారణం.

కొన్నిసార్లు రేటింగు ధారావాహిక గురించి కాక వేరొకదాని గురించి ఉంటుంది. 2020 సెప్టెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియో ది బాయ్స్ రెండవ సీజన్‌లో మూడు భాగాలను మాత్రమే మొదట ఇచ్చి, మిగిలినవి వారానికొకటి చొప్పున విడుదల చేసింది. మొదటి సీజన్‌ను ఒకేసారి చూసిన ప్రేక్షకులు దీనికి నిరసనగా అమెజాన్‌లో ఒక్కొక్క నక్షత్రం ఇచ్చారు.

కథ ముందే తెలియడం

అందరూ ఒకే వారంలో ఒకే భాగం చూసిన రోజులలో మరునాడు కార్యాలయంలో చర్చించుకోవడం సులువుగా ఉండేది. ఏకబిగి వీక్షణంలో ఒకరు రెండవ భాగంలో ఉండగా మరొకరు ముగింపు చూసేసి ఉంటారు. అందువలన మొదట "ఎంతవరకు చూశారు?" అని అడగడం మర్యాద అయినది. కథను ముందే బయటపెట్టే సమాచారాన్ని స్పాయిలర్ అంటారు. దీనివలన నిజంగా ఎంత నష్టమన్నది వివాదాంశం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాండియాగోకు చెందిన లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ 2011లో చిన్నకథలతో జరిపిన పరిశోధనలో ముగింపు ముందే తెలిసినవారు కథను మరింత ఆస్వాదించారని తేలింది. తరువాతి పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు. రామాయణం ముగింపు తెలియని భారతీయ ప్రేక్షకుడు అరుదు, అయినా ఆ కథను మళ్ళీ మళ్ళీ చూడటం మానలేదు.

ఒకేసారా, వారానికొకటా?

డిస్నీ ప్లస్ 2019లో ది మాండలోరియన్‌ను వారానికొక భాగంగా విడుదల చేసి పాత పద్ధతికి మళ్ళింది. ఒకేసారి విడుదల చేస్తే చర్చ కొద్ది రోజులలోనే చల్లారుతుంది, చందాదారులు ఒక్క నెల కట్టి మానేయవచ్చును. నెట్‌ఫ్లిక్స్ సైతం స్ట్రేంజర్ థింగ్స్ నాలుగవ సీజన్‌ను 2022లో రెండు విడతలుగా, ఐదవ సీజన్‌ను 2025లో మూడు విడతలుగా ఇచ్చింది.

ఇందులో రచయితల జీవనోపాధి కూడా ముడిపడి ఉన్నది. హాలీవుడ్ రచయితలు 2023లో 148 రోజులు సమ్మె చేసిన తరువాత కుదిరిన ఒప్పందం ప్రకారం, అమెరికాలోని చందాదారులలో 20 శాతం మంది మొదటి 90 రోజులలో చూసిన ధారావాహికలకు అదనపు చెల్లింపు లభిస్తుంది. ది వైర్ వలె ఏళ్ళ తరబడి నిదానంగా ప్రేక్షకులను సంపాదించుకొనే ధారావాహికకు ఇటువంటి గడువు అనుకూలం కాదు.

జ్ఞాపకం, నిద్ర

మెల్బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో 51 మందికి ది గేమ్ అనే బ్రిటిష్ ధారావాహికను చూపించారు. ఒక బృందం ఒకేసారి, రెండవది రోజుకొకటి, మూడవది వారానికొకటి చొప్పున చూసింది. మరునాడు అడిగినప్పుడు కథ ఎక్కువగా గుర్తున్నది ఏకబిగిన చూసినవారికే. 140 రోజుల తరువాత ఎక్కువగా మరచిపోయినదీ వారే. తక్కువ ఆస్వాదించామని చెప్పినవారు కూడా వారే కావడం గమనార్హం. అదే సంవత్సరం బెల్జియంలో 18 నుండి 25 ఏళ్ళ మధ్య వయసున్న 423 మందిపై జరిగిన మరొక అధ్యయనం ఈ అలవాటుకు, నిద్ర సరిగా లేకపోవడానికి సంబంధమున్నదని తెలిపింది. శరీరం పడుకున్నా మనసు కథలోనే తిరుగుతుండటం దీనికి కారణంగా పరిశోధకులు భావించారు.

భారతదేశంలో, తెలుగులో

నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలోను, అమెజాన్ ప్రైమ్ వీడియో అదే ఏడాది డిసెంబరులోను భారతదేశానికి వచ్చాయి. ఈ రెండింటి మధ్య సెప్టెంబరులో జియో సేవలు మొదలై మొబైల్ డేటా ధర పడిపోవడం అసలు మార్పును తెచ్చింది. 2018 జులైలో ఎనిమిది భాగాలుగా వచ్చిన సేక్రెడ్ గేమ్స్ నెట్‌ఫ్లిక్స్ తొలి భారతీయ ధారావాహిక. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు దూరదర్శన్, 1987-88లో ఆదివారాలలో ప్రసారమైన రామానంద్ సాగర్ రామాయణాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున పునఃప్రసారం చేసింది. ఒకప్పుడు ఏడాదిన్నర పట్టిన కథ కొన్ని వారాలలో ముగిసినది.

తెలుగులో రోజువారీ ధారావాహికలు వెయ్యి భాగాలు దాటడం సామాన్యం కనుక వాటిని ఏకబిగిన చూడటం అసాధ్యం. ఇందుకు చక్కగా అమరినది అమృతం. గుణ్ణం గంగరాజు రూపకల్పనలో 2001 నుండి 2007 వరకు జెమినీ టీవీలో ఆదివారం రాత్రులు ప్రసారమైన ఈ హాస్య ధారావాహిక, యూట్యూబ్‌లో చేరిన తరువాత, ప్రసార సమయానికి పసివారైనవారికి కూడా పరిచయమైనది. అమృతరావు పాత్రధారులు మారినా ఆంజనేయులుగా గుండు హనుమంతరావు కడవరకు కొనసాగాడు. కథలు చాలావరకు విడివిడిగా ఉండటం వలన ఎక్కడ మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

ఆహా, జీ5, ఈటీవీ విన్ వంటి సేవలలో తెలుగు వెబ్ సిరీస్‌లు 2020 తరువాత ఎక్కువయ్యాయి. విక్రమ్ కుమార్ దర్శకత్వంలో నాగచైతన్య నటించిన దూత 2023 డిసెంబరులో ఎనిమిది భాగాలుగా, శివాజీ నటించిన 90స్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ 2024 జనవరిలో విడుదలయ్యాయి. రెండవది కుటుంబ సమేతంగా చూడదగినదన్న మాటతోనే జనంలోకి వెళ్ళింది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ 2023 మార్చిలో వచ్చిన హిందీ ధారావాహిక రానా నాయుడు. వెంకటేష్ నటించాడని ఇంటిల్లిపాదీ కలిసి చూడబోయిన తెలుగు ప్రేక్షకులు అందులోని బూతులకు నివ్వెరపోయారు. విమర్శలు వెల్లువెత్తినా, ఆ సంవత్సరం మొదటి ఆరు నెలలకు నెట్‌ఫ్లిక్స్ ప్రకటించిన లెక్కలలో భారతీయ ధారావాహికలన్నిటిలో ఎక్కువ గంటలు వీక్షించబడినది ఇదే.

లభ్యత

చందా సేవలో ఉన్న ధారావాహిక ఎల్లకాలం ఉంటుందన్న హామీ లేదు. హెచ్‌బీఓ తానే నిర్మించిన వెస్ట్‌వరల్డ్‌ను 2022 డిసెంబరులో తన హెచ్‌బీఓ మ్యాక్స్ సేవ నుండి తొలగించినది. నెట్‌ఫ్లిక్స్ తపాలా డీవీడీల సేవ 2023 సెప్టెంబరు 29న ముగిసింది. డీవీడీలు కొని దాచుకున్నవారు మాత్రం వాటిని ఎవరి అనుమతీ లేకుండా చూసుకోగలరు.