జొన్నరొట్టె దిగని గొంతు: షోగ్రెన్ జబ్బులో రోగనిరోధక కణాల పాత్ర

బడంగ్‌పేట్, బాలాపూర్, నాదర్‌గుల్ వైపు ఇళ్లలో ఎవరైనా "నోరెండిపోతోంది" అంటే "షుగర్ చూపించుకో" అంటారు. మంచి సలహానే. షుగర్ లేదని తేలాక నెపం ఎండమీదికో, వయసుమీదికో పోతుంది. నోటితో పాటు కళ్లలో ఇసుక పడ్డట్టుంటే, కీళ్లు నొస్తుంటే, జొన్నరొట్టె ముక్కముక్కకీ నీళ్లు తాగనిదే దిగకపోతే మాత్రం లాలాజల గ్రంథులను అనుమానించాలి. పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు ఇక్కడ పొడి బిస్కెట్ నీళ్లు లేకుండా తినగలరా అని అడగమంటాయి. జొన్నరొట్టె అంతకంటే నిక్కచ్చి పరీక్ష అని నా అభిప్రాయం.

ఈ లక్షణాల వెనక ఉండగల షోగ్రెన్ జబ్బుకు పేరిచ్చిన హెన్రిక్ షోగ్రెన్ కంటివైద్యుడు, స్వీడన్ వాడు. 1933లో ఆయన సమర్పించిన పరిశోధన గ్రంథంలో 19 మంది స్త్రీలున్నారు, వారిలో 13 మందికి కీళ్లవాతం. నేటికీ రోగుల్లో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లే.

రోగనిర్ధారణకు కింది పెదవి లోపలినుంచి చిన్న గ్రంథులు నాలుగైదు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. లాలాజలం పారే నాళాల చుట్టూ లింఫోసైట్లు (టి, బి రకాల రోగనిరోధక కణాలు) గుంపుకట్టి ఉంటాయి. యాభై, అంతకుమించి ఉన్న గుంపును ఒక ఫోకస్ అంటారు. 4 చదరపు మిల్లీమీటర్ల కణజాలంలో అలాంటిది ఒక్కటున్నా లెక్కకు వస్తుంది. జబ్బు తేలికగా ఉన్నప్పుడు ఆ గుంపుల్లో సీడీ4 టి కణాలదే పైచేయి. ముదిరేకొద్దీ బి కణాలు పెరుగుతాయి.

దీన్ని "సొంత సైన్యం ఇంటిమీద పడింది" అని చెప్పడం పరిపాటి. నాకది సగం నిజమే అనిపిస్తుంది. ఆ సైన్యాన్ని పిలుచుకునేది గ్రంథి కూడా. నాళాల గోడలోని ఉపకళా కణాలు హెచ్ఎల్ఏ అణువులను పైకి చూపి టి కణాలను రేపుతాయి, సీఎక్స్‌సీఎల్13 వంటి రసాయనాలు వదిలి బి కణాలను రప్పిస్తాయి, బాఫ్ అనే ప్రోటీనిచ్చి చావాల్సిన బి కణాలను బతికిస్తాయి. అందుకే గ్రీకు వైద్యుడు మౌట్సోపౌలోస్ 1994లో దీన్ని ఉపకళ జబ్బుగానే చూడాలన్నాడు. టైప్ 1 ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత ప్రోటీన్ ఈ మంటను ఎగదోస్తుంది, సీడీ8 టి కణాలు లాలాజలం తయారుచేసే కణాలను చంపుతాయి. కొందరి గ్రంథుల్లో బి కణాలు లింఫు గ్రంథిలో మాదిరి కేంద్రాలు కట్టుకుంటాయి. ఏళ్ల తరబడి సాగే ఈ బి కణాల విభజనలోంచే సుమారు 5 శాతం మందిలో లింఫోమా అనే క్యాన్సర్ పుడుతుంది. అందుకే చెవికింద వాపు తగ్గకుండా ఉంటే దాన్ని గవదబిళ్లలని వదిలేయకూడదు.

కణాల గుంపులకూ నోటి పొడితనానికీ మాత్రం పొంతన కుదరదు. గ్రంథిలో చాలాభాగం మిగిలి ఉన్నా లాలాజలం ఊరనివాళ్లున్నారు. చచ్చిన కణాలు కొన్నైతే, బతికుండీ స్తంభించినవి ఇంకొన్ని.

చికిత్స ఫలితాలూ ఆ మాటే చెబుతున్నాయి. బి కణాలను తుడిచిపెట్టే రిటుక్సిమాబ్ 2017లో వెలువడిన బ్రిటిష్ ప్రయోగంలో పొడితనాన్నీ నీరసాన్నీ ఆశించినంత తగ్గించలేకపోయింది. బాఫ్ గ్రాహకాన్ని అడ్డుకునే ఇయానలుమాబ్ మాత్రం 2022 నాటి రెండోదశ ప్రయోగంలో జబ్బు తీవ్రతను తగ్గించింది.

హైదరాబాద్‌లో ఇంకో తమాషా ఉంది. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు కళ్లు పూర్తిగా ఎండిపోయిన కొందరికి పెదవి గ్రంథులను కంట్లో నాటారు. స్టీవెన్స్-జాన్సన్ వంటి జబ్బులతో కళ్లు దెబ్బతిన్నవారికి అది అక్కరకొచ్చింది. షోగ్రెన్ రోగికి ఆ దారి ఇరుకు, ఎందుకంటే నాటాల్సిన గ్రంథే రోగిష్టిది.

మూడు నెలలకు మించి రోజూ నోరూ కళ్లూ ఎండుతుంటే నిమ్స్ వంటి ఆసుపత్రిలో కీళ్లవాత విభాగానికి వెళ్లి యాంటీ-రో రక్తపరీక్ష అడగండి. 2016 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో ఆ పరీక్ష పాజిటివ్ అయితే 3 మార్కులు, పెదవి ముక్కలో ఫోకస్ కనిపిస్తే ఇంకో 3. జబ్బుగా లెక్కించడానికి కావలసినవి 4. రక్తపరీక్షలో ఏమీ లేదన్న కాగితంతోనే ఇంటికి తిరిగి రాకండి.