ఇన్ఫాంటైల్ స్పాజమ్స్

ఇన్ఫాంటైల్ స్పాజమ్స్ అనేది ముఖ్యంగా ఏడాది లోపు శిశువులలో మొదలయ్యే ఒక తీవ్రమైన మూర్ఛవ్యాధి. నోట నురుగు రావడం, కాళ్ళూ చేతులూ చాలాసేపు కొట్టుకోవడం వంటివి సాధారణంగా ఇందులో కనిపించవు. శిశువు శరీరం ఒకటి రెండు క్షణాలు బిగుసుకొని వదులవుతుంది. అందువల్ల ఇంట్లోవారు దీనిని ఉలికిపాటుగానో, కడుపునొప్పిగానో, దిష్టిగానో పొరబడుతుంటారు. చూడడానికి స్వల్పంగా ఉన్నా, చికిత్స ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ప్రతి 10,000 జననాలలో సుమారు 2 నుండి 5 గురు శిశువులకు ఈ వ్యాధి వస్తుంది.

చరిత్ర

1841లో ఆంగ్ల వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్ తన సొంత కుమారునిలో గమనించిన ఈ కదలికలను వివరిస్తూ లాన్సెట్ పత్రికకు లేఖ వ్రాశాడు. ఆయన పేరుమీదుగా దీనిని వెస్ట్ సిండ్రోమ్ అని కూడా అంటారు. తల వంచి సలాము చేసినట్లుండడంతో పూర్వం "సలాం మూర్ఛలు" అనే పేరు కూడా ఉండేది. 1958లో ఏ.సి.టి.హెచ్. అనే హార్మోను ఈ వ్యాధిలో పనిచేస్తుందని వెల్లడైంది.

లక్షణాలు

* సాధారణంగా 3 నుండి 12 నెలల మధ్య వయస్సులో మొదలవుతాయి.
* తల ముందుకు వాలడం, చేతులు చాచడం లేదా దగ్గరకు లాగుకోవడం, మోకాళ్ళు పొట్టవైపు ముడుచుకోవడం జరుగుతుంది. కొందరిలో శరీరం వెనుకకు విల్లులా వంగుతుంది.
* ఒకదాని వెంట ఒకటిగా, కొన్ని సెకన్ల వ్యవధితో, వరుసగా వస్తాయి.
* నిద్ర లేచిన వెంటనే ఎక్కువగా కనిపిస్తాయి. వరుస ముగిశాక శిశువు ఏడవవచ్చు.
* అంతకుముందు నవ్వే, ముఖం చూసే, బోర్లాపడే శిశువు ఆ పనులు మానివేయవచ్చు.

శబ్దానికి ఉలిక్కిపడడం ఒక్కసారితో ఆగుతుంది. కడుపునొప్పి ఏడుపు ఇలా లెక్కపెట్టినట్లు ఆగి ఆగి రాదు. ఒకే విధమైన కదలిక వరుసగా రావడమే ఈ వ్యాధిని గుర్తించడానికి ముఖ్యమైన ఆధారం.

కారణాలు

కాన్పు సమయంలో మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన తొలిరోజులలో రక్తంలో చక్కెర పడిపోవడం భారతదేశంలో ప్రధాన కారణాలు. కనుక పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టడం మేలు. మెదడు నిర్మాణ లోపాలు, ట్యూబరస్ స్క్లెరోసిస్, డౌన్ సిండ్రోమ్, మెదడుకు సోకే అంటువ్యాధులు, జన్యులోపాలు ఇతర కారణాలు. కొందరిలో కారణం తెలియదు.

నిర్ధారణ

మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఇ.ఇ.జి. పరీక్ష ముఖ్యమైనది. చాలామందిలో హిప్సరిథ్మియా అనే అస్తవ్యస్తమైన తరంగాలు కనిపిస్తాయి. నిద్రలో కూడా ఈ పరీక్ష చేయాలి. కారణం తెలుసుకోవడానికి ఎం.ఆర్.ఐ. తీస్తారు. కదలికలు వైద్యుని ఎదుట రాకపోవచ్చు కనుక, ఇంటివద్దనే సెల్‌ఫోనులో వీడియో తీసి చూపడం ఎంతో ఉపయోగకరం.

చికిత్స

ఏ.సి.టి.హెచ్. సూదిమందు, ప్రెడ్నిసోలోన్, విగాబాట్రిన్ ప్రధానమైన మందులు. ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉన్నవారికి విగాబాట్రిన్ ముందుగా ఎంచుకుంటారు. మొదటి రెండింటివల్ల రక్తపోటు పెరగడం, అంటువ్యాధులు సోకడం, మూడవదానివల్ల చూపు అంచులు తగ్గడం జరగవచ్చు. అందుచేత వైద్య పర్యవేక్షణ అవసరం. మందును స్వయంగా ఆపరాదు. లక్షణాలు మొదలైన కొద్ది వారాలలోపే చికిత్స అందినవారిలో ఫలితాలు మెరుగు. మూలకారణాన్ని బట్టి కూడా భవిష్యత్తు మారుతుంది.

పుత్తూరు ప్రాంతంలో

తిరుపతి జిల్లాలోని పుత్తూరు విరిగిన ఎముకలకు వేసే నాటుకట్టుకు ప్రసిద్ధి చెందిన పట్టణం. అయితే ఈ వ్యాధి ఎముకలది కాదు, మెదడుది. కట్టు, పసరు, తాయెత్తు, వాము నీళ్ళు దీనిని నయం చేయలేవు. దిష్టి తీయడం ఇంటి నమ్మకం. అయితే దానికోసం ఆసుపత్రి ప్రయాణాన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయరాదు. ఇక్కడికి సుమారు 35 కి.మీ. దూరంలోని తిరుపతిలో రుయా ఆసుపత్రి పిల్లల విభాగం, స్విమ్స్ నాడీవైద్య విభాగం ఉన్నాయి. తమిళనాడులోని వేలూరు సి.ఎం.సి. మరొక పెద్ద వైద్యకేంద్రం. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో జరిపే పరీక్షలలో మూర్ఛవ్యాధులు కూడా చేరి ఉన్నాయి. కాని ఆ పరీక్షల తేదీ వరకు ఆగకుండా, అనుమానం కలిగిన రోజే వైద్యుని సంప్రదించాలి.

ఇవి కూడా చూడండి

* మూర్ఛవ్యాధి
* ముర్రుపాలు
* పుత్తూరు